ఒక్క విజిట్‌ను చివరిదాకా వెంబడించండి: అమెరికా డాక్టర్ ఆఫీసులో కోడింగ్, క్లెయిమ్ పని నేర్చుకునే మార్గం

మెడికల్ కోడింగ్ అంటే రోగి జబ్బునూ, డాక్టర్ చేసిన పనినీ కోడ్లుగా మార్చడం. క్లెయిమ్ అంటే ఆ కోడ్లతో ఇన్సూరెన్స్ కంపెనీకి పంపే బిల్లు. కోడింగ్ అనగానే హైదరాబాదులో అమీర్‌పేట కోచింగ్ సెంటర్లు, మాదాపూర్, గచ్చిబౌలి ఆఫీసులు గుర్తొస్తాయి. బీఫార్మసీ, నర్సింగ్, ఫిజియోథెరపీ, లైఫ్ సైన్సెస్ చదివినవాళ్లు ఏటా ఈ వైపు వస్తూనే ఉన్నారు. అమెరికాలో స్థిరపడిన తెలుగు కుటుంబాల్లోనూ ఇంటికి దగ్గర్లోని క్లినిక్‌లో బిల్లింగ్ పని చూసుకునేవాళ్లు ఉన్నారు. పని ఒకటే, తీరు వేరు. ఇక్కడి పెద్ద కంపెనీలో ఒకరు రోజంతా రేడియాలజీ చార్టులే కోడ్ చేస్తారు, ఇంకొకరు డినయల్స్, అంటే ఇన్సూరెన్స్ తిరస్కరించిన క్లెయిములు మాత్రమే చూస్తారు. అక్కడి చిన్న డాక్టర్ ఆఫీసులో అదే మనిషి పొద్దున ఇన్సూరెన్స్ కార్డు స్కాన్ చేసి, మధ్యాహ్నం కోడ్లు వేసి, సాయంత్రం రాని డబ్బు కోసం ఇన్సూరెన్స్ కంపెనీకి ఫోన్ చేయాల్సి వస్తుంది.

ఈ పని నేర్పే కోర్సులు చాలావరకు పుస్తకాల వరుసలో సాగుతాయి. ముందు ఐసీడీ (జబ్బుల కోడ్లు), తర్వాత సీపీటీ (డాక్టర్ చేసిన పనుల కోడ్లు), చివర్లో సమయం మిగిలితే క్లెయిమ్ ఫారం. నా దృష్టిలో ఇది తలకిందుల పద్ధతి. వేసిన కోడ్ డబ్బుగా ఎలా మారుతుందో, ఎక్కడ ఆగిపోతుందో చూడనివాడికి ఆ కోడ్ ఎందుకు ముఖ్యమో తెలియదు. అందుకే ఇక్కడ ఒకే ఒక్క విజిట్‌ను అపాయింట్‌మెంట్ నుంచి ఖాతాలో డబ్బు పడేదాకా వెంబడిద్దాం.

ఉదాహరణకు ఒక కల్పిత రోగిని తీసుకుందాం. వయసు 58. రెండేళ్లుగా ఇదే డాక్టర్ దగ్గరికి వస్తున్నారు. టైప్ 2 మధుమేహానికి మెట్‌ఫార్మిన్ మాత్రలు వాడుతున్నారు. ఈసారి చెకప్‌కు వచ్చి, కుడి మోకాలు నొప్పి గురించీ చెప్పారు. ఆఫీసులోనే హెచ్‌బీఏ1సీ పరీక్ష (రెండు మూడు నెలల సగటు చక్కెర చూపేది) చేస్తే ఎక్కువగా వచ్చింది. డాక్టర్ హైపర్‌గ్లైసీమియా (రక్తంలో చక్కెర ఎక్కువ) అని రాసి కొత్త మందు జోడించారు. మోకాలికి ప్రైమరీ ఆస్టియోఆర్థరైటిస్ (కీలు అరుగుదల) అని తేల్చి, 40 మిల్లీగ్రాముల ట్రయామ్‌సినోలోన్ (వాపు తగ్గించే స్టెరాయిడ్) ఇంజెక్షన్ కీలులోకి ఇచ్చారు.

ముందుగా ఉండాల్సింది

శరీర నిర్మాణం, వైద్య పదాలు రాకపోతే ఈ పని అంధుడి నడకే. లైఫ్ సైన్సెస్ చదివినవాళ్లకు ఇది కొంత తేలిక. కామర్స్, ఆర్ట్స్ నుంచి వచ్చినవాళ్లు మొదటి రెండు నెలలు దీనికే కేటాయించాలి. పదాల చివర వచ్చే భాగాలు పట్టుకుంటే సగం పని అయినట్టే: ‘ఐటిస్’ ఉంటే వాపు, ‘ఎక్టమీ’ అంటే కోసి తీసేయడం, ‘ఆటమీ’ అంటే కోత పెట్టడం, ‘సెంటెసిస్’ అంటే సూదితో ద్రవం తీయడం. కుడి, ఎడమ, ముందు, వెనక అనే దిక్కుల పదాలను మాత్రం తేలిగ్గా తీసుకోవద్దు. చాలా కోడ్లు అక్కడే విడిపోతాయి.

డాక్టర్‌ను చూడకముందే సగం క్లెయిమ్ తయారవుతుంది

క్లెయిమ్ తిరస్కరణకు విత్తనం తరచూ రిసెప్షన్ బల్ల దగ్గరే పడుతుంది. పేరులో ఒక అక్షరం, పుట్టినతేదీలో ఒక అంకె, పాత కార్డు నంబరు చాలు. మన పేర్లతో ఇది మరీ ఎక్కువ. ఇంటిపేరు ముందా వెనకా, మధ్యపేరు ఉందా లేదా అన్నది పాస్‌పోర్టులో ఒకలా, ఇన్సూరెన్స్ కార్డులో ఇంకోలా ఉంటుంది. క్లెయిమ్‌లో ఎప్పుడూ కార్డులో ఉన్నట్టే రాయాలి.

అపాయింట్‌మెంట్‌కు ఒకటి రెండు రోజుల ముందు ఎలిజిబిలిటీ, అంటే ఇన్సూరెన్స్ వర్తిస్తుందా అన్నది చూడాలి. సాఫ్ట్‌వేర్ నుంచి 270 అనే ప్రశ్న వెళ్తుంది, 271 అనే జవాబు వస్తుంది. అందులో పాలసీ అమల్లో ఉందా, కోపే (విజిట్‌కు రోగి కట్టే స్థిర మొత్తం) ఎంత, డిడక్టబుల్ (ఇన్సూరెన్స్ కట్టడం మొదలయ్యేలోపు ఏటా రోగి భరించేది) ఎంత మిగిలింది, డాక్టర్ నెట్‌వర్క్‌లో (కంపెనీతో ఒప్పందం ఉన్న డాక్టర్ల జాబితాలో) ఉన్నారా అన్నవి చూసుకోవాలి. ఆరోగ్యశ్రీ చూసినవాళ్లకు ప్రీ-ఆథరైజేషన్ కొత్త కాదు. అమెరికాలోనూ కొన్ని స్కాన్లకు, ఖరీదైన మందులకు ముందస్తు అనుమతి అవసరం. ఆ నంబరును అప్పుడే రాసి పెట్టుకోండి.

రెండు ఇన్సూరెన్సులు ఉంటే ఏది ముందు కట్టాలన్నది తేల్చాలి. పిల్లలకు తల్లి, తండ్రి ఇద్దరి పాలసీలూ ఉంటే సాధారణంగా బర్త్‌డే రూల్ వర్తిస్తుంది: ఏడాదిలో ఎవరి పుట్టినరోజు ముందొస్తే వాళ్ల పాలసీ మొదటిది. నెల, తేదీ మాత్రమే లెక్క, పెద్దవాళ్లు ఎవరన్నది కాదు. 65 దాటి ఇంకా ఉద్యోగం చేస్తున్నవారికి, 20 మంది లేదా అంతకంటే ఎక్కువ ఉద్యోగులున్న సంస్థ ఇచ్చే గ్రూపు పాలసీ మెడికేర్ (ముఖ్యంగా 65 దాటినవారికి ప్రభుత్వ ఇన్సూరెన్స్) కంటే ముందు కడుతుంది.

నోట్ చదవడం: అసలు చదువు ఇదే

కోడ్ డాక్టర్ నోట్‌లోంచి రావాలి. మీ జ్ఞాపకంలోంచి, పోయినసారి చార్టులోంచి, డాక్టర్ మనసులో ఇలా ఉండి ఉంటుందనే ఊహలోంచి రాకూడదు. నోట్‌లో లేనిది జరగనట్టే లెక్క.

మొదటిసారి నోట్‌ను కోడ్ల ధ్యాస లేకుండా చదవండి. రోగి ఎందుకు వచ్చారు, డాక్టర్ ఏం తేల్చారు, ఏం చేశారు, ఏం రాసిచ్చారు అని నాలుగు ప్రశ్నలు వేసుకోండి. రెండోసారి చదివేటప్పుడు జబ్బుల కింద ఒక రంగు, చేసిన పనుల కింద ఇంకో రంగు గీత గీయండి. చిన్నపిల్లల పనిలా ఉంటుంది కానీ మొదటి వంద చార్టులకు దీన్ని మించిన పద్ధతి నాకు కనిపించలేదు.

అవుట్‌పేషెంట్ (ఆస్పత్రిలో చేరని రోగుల) కోడింగ్‌లో కొత్తవాళ్లు దాటలేని గీత ఒకటుంది. డాక్టర్ ‘న్యుమోనియా అనుమానం’ అని రాస్తే న్యుమోనియా కోడ్ వేయకూడదు. అనుమానం, బహుశా, కాదని తేల్చుకోవాలి వంటి మాటలున్నచోట లక్షణాలనే కోడ్ చేయాలి: దగ్గుకు ఆర్05.9, జ్వరానికి ఆర్50.9. ఆస్పత్రిలో చేరిన రోగుల కోడింగ్‌లో నియమం వేరు కాబట్టి రెండూ కలిపి చదివినవాళ్లు ఇక్కడ తడబడతారు. అనుమానాన్ని జబ్బుగా రాస్తే అది రోగి రికార్డులో ఏళ్ల తరబడి ఉండిపోతుంది.

జబ్బు కోడ్లు

అమెరికాలో 2015 అక్టోబరు 1 నుంచి ఐసీడీ-10-సీఎం వాడుతున్నారు. కోడ్‌లో 3 నుంచి 7 అక్షరాలు, అంకెలు ఉంటాయి. ఏటా అక్టోబరు 1న మార్పులు అమల్లోకి వస్తాయి, ఏప్రిల్ 1న కూడా కొన్ని రావచ్చు. పాత పుస్తకంతో కొత్త ఏడాది క్లెయిమ్ పంపితే తిరిగిరావచ్చు. ఈ కోడ్లు, వాటి అధికారిక మార్గదర్శకాలు అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతాయి. డబ్బు పెట్టి ఏ కోర్సులో చేరకముందే ఆ మార్గదర్శకాల్లో మొదటి విభాగం, అవుట్‌పేషెంట్లకు సంబంధించిన నాలుగో విభాగం చదివేయండి.

వెతికే పద్ధతి ఒక్కటే. ముందు ఇండెక్స్‌లో పదం పట్టుకోవాలి, తర్వాత కోడ్లు వరుసగా ఉండే టాబ్యులర్ భాగానికి వెళ్లి కోడ్ కింద ఉన్న సూచనలన్నీ చదవాలి. ఇండెక్స్‌లో చూసిందే రాసేసేవాళ్లు అక్కడ ఉండే ‘ముందు ఇది రాయండి’, ‘దీనితోపాటు ఇంకో కోడ్ జోడించండి’ అనే ఆదేశాలను కోల్పోతారు.

మన రోగికి మధుమేహం, హైపర్‌గ్లైసీమియాతో కాబట్టి ఇ11.65. దాని కింద వాడే మందును సూచించే కోడ్ జోడించమని ఉంటుంది. నోటి మాత్రలు కాబట్టి జెడ్79.84. కుడి మోకాలి ప్రైమరీ ఆస్టియోఆర్థరైటిస్‌కు ఎం17.11.

ఇక్కడ ఒక్క మాట తేడాతో ఏం జరుగుతుందో చూడండి. డాక్టర్ హైపర్‌గ్లైసీమియా అని కాక, మధుమేహం ‘అన్‌కంట్రోల్డ్’ అని మాత్రమే రాశారనుకుందాం. ఇండెక్స్ రెండు దారులు చూపిస్తుంది: చక్కెర ఎక్కువా, తక్కువా? ఎంచుకునే హక్కు కోడర్‌కు లేదు. డాక్టర్‌ను రాతపూర్వకంగా అడగాలి. దీన్నే క్వెరీ అంటారు. అదే ‘పూర్లీ కంట్రోల్డ్’ అని రాసి ఉంటే ఇండెక్స్ నేరుగా హైపర్‌గ్లైసీమియా వైపే పంపుతుంది, అడగనక్కర్లేదు. క్వెరీలో ‘హైపర్‌గ్లైసీమియా అని రాయండి’ అని జవాబును డాక్టర్ నోటికి అందించకూడదు. ఎక్కువా, తక్కువా, మరేదైనానా అని అడిగి ఊరుకోవాలి.

దీనికి వ్యతిరేక దిశలో ఇంకో నియమం ఉంది. మధుమేహం, దీర్ఘకాలిక కిడ్నీ వ్యాధి రెండూ నోట్‌లో ఉంటే, సంబంధం లేదని డాక్టర్ రాయనంతవరకు వాటిని ముడిపెట్టి ఇ11.22 వేయాలి, కిడ్నీ వ్యాధి దశకు ఎన్18 కోడ్ జోడించాలి. రక్తపోటు కూడా ఉంటే ఐ10 కాదు, ఐ12 వరుసకు వెళ్లాలి. ఒకచోట ఊహించకూడదు, ఇంకోచోట పుస్తకమే ఊహించమంటుంది. ఏది ఎక్కడన్నది మార్గదర్శకాలు చదివితే తప్ప తెలియదు.

చేసిన పనికి కోడ్లు

డాక్టర్ చేసిన పనికి సీపీటీ కోడ్లు. ఐదు అంకెలుంటాయి. 1966లో మొదట అచ్చయ్యాయి, అమెరికన్ మెడికల్ అసోసియేషన్ సొత్తు, కాబట్టి పుస్తకం కొనాల్సిందే. ఏటా జనవరి 1న కొత్తవి అమల్లోకి వస్తాయి. మందులు, పరికరాలకు అక్షరంతో మొదలయ్యే హెచ్‌సీపీసీఎస్ కోడ్లు ఉన్నాయి. వీటిని కోడర్లు హిక్‌పిక్స్ అంటారు.

ఆఫీసు విజిట్ కోడ్లే చిన్న క్లినిక్‌కు అన్నం పెట్టేవి. కొత్త రోగికి 99202 నుంచి 99205, పాత రోగికి 99211 నుంచి 99215. గత మూడేళ్లలో ఆ డాక్టర్ గానీ, అదే గ్రూపులో అదే స్పెషాలిటీ డాక్టర్ గానీ చూసి ఉంటే పాత రోగే. 2021 నుంచి ఈ కోడ్ల స్థాయిని హిస్టరీ, ఎగ్జామ్ పేజీల పొడవుతో కొలవడం మానేశారు. ఇప్పుడు రెండే కొలతలు: డాక్టర్ ఆలోచనలోని సంక్లిష్టత, లేదా ఆ రోజు ఆ రోగి మీద డాక్టర్ వెచ్చించిన మొత్తం సమయం. సమయం లెక్కన వెళ్తే 99213కు 20 నిమిషాలు, 99214కు 30, 99215కు 40 పూర్తవ్వాలి.

సంక్లిష్టతను మూడు అంశాలతో తూస్తారు: సమస్యలు, చూసిన సమాచారం, రిస్క్. మూడింట్లో రెండు ఆ స్థాయిని చేరాలి. మన రోగిలో అదుపులో లేని దీర్ఘకాలిక జబ్బు ఒకటుంది, అది మోడరేట్. కొత్త మందు రాశారు, రిస్క్ కూడా మోడరేట్. రెండు కుదిరాయి కాబట్టి 99214. ఈ లెక్కలో మోకాలిని నేను కలపలేదని గమనించండి. ఇంజెక్షన్ ఇవ్వాలన్న నిర్ణయం, దానికి ముందు చూసే చూపు ఇంజెక్షన్ కోడ్‌లోనే కలిసి ఉంటాయి. మధుమేహం విడిగా చూశారు కాబట్టే విజిట్ కోడ్‌కు చోటు దొరికింది, దానికి 25 మాడిఫయర్ (కోడ్ చివర చేర్చే గుర్తు, ఇక్కడ విడి పని జరిగిందని చెబుతుంది) తగిలించాలి. రోగి మోకాలి ఇంజెక్షన్ కోసమే వచ్చి, అదే చేయించుకుని వెళ్లి ఉంటే విజిట్ కోడ్ ఉండేది కాదు. 25 మాడిఫయర్‌ను అలవాటుగా అంటించే ఆఫీసులు ఆడిట్‌ను ఇంటికి పిలుచుకున్నట్టే.

పెద్ద కీలులోకి, అల్ట్రాసౌండ్ లేకుండా ఇంజెక్షన్‌కు 20610, కుడి వైపుకు ఆర్‌టీ మాడిఫయర్. హెచ్‌బీఏ1సీకి 83036. సర్టిఫికెట్ ఆఫ్ వేవర్ (తేలికైన పరీక్షలకే అనుమతి) మాత్రమే ఉన్న ఆఫీసు ల్యాబ్ అయితే మెడికేర్‌కు దానికి క్యూడబ్ల్యూ మాడిఫయర్ జోడించాలి. మందుకు జె3301. ఇది ప్రతి 10 మిల్లీగ్రాములకు ఒక యూనిట్, కాబట్టి 40 మిల్లీగ్రాములకు 4 యూనిట్లు. యూనిట్ల దగ్గర 1 అని రాస్తే ఆఫీసు నాలుగింట మూడు వంతుల మందు డబ్బు పోగొట్టుకుంటుంది. 40 అని రాస్తే అది మోసంలా కనిపిస్తుంది. ఒకే మోతాదు ఉండే సీసాలోంచి ఇచ్చి, ఏమీ వృథా కాకపోతే 2023 జులై నుంచి మెడికేర్‌కు జెజెడ్ మాడిఫయర్ కూడా పెట్టాలి.

పంపే ముందు ఎన్‌సీసీఐ జంటలు చూడాలి. ఏ రెండు కోడ్లు కలిపి బిల్లు చేయకూడదో చెప్పే పట్టిక ఇది. 1996 నుంచి మెడికేర్ వాడుతోంది, మూడు నెలలకోసారి మారుతుంది, మెడికేర్‌ను నడిపే సీఎంఎస్ వెబ్‌సైట్‌లో ఉచితం.

క్లెయిమ్ ఫారం

డాక్టర్ ఆఫీసు ఫారం పేరు సీఎంఎస్-1500. మొత్తం 33 గడులు. ఆన్‌లైన్‌లో వెళ్లే దాని రూపం 837పీ. ఇప్పుడు కాగితం మీద పంపడం అరుదే అయినా, నేర్చుకునేటప్పుడు ఖాళీ ఫారం దగ్గర పెట్టుకుని చేత్తో నింపండి. సాఫ్ట్‌వేర్ ఏ సమాచారాన్ని ఎక్కడికి తీసుకెళ్తోందో అప్పుడే అర్థమవుతుంది.

21వ గడిలో 12 జబ్బు కోడ్లదాకా పడతాయి. 24వ గడిలో ఆరు వరుసలు, ఒక్కో వరుసలో ఒక సేవ. ఏ సేవ ఏ జబ్బు కోసమో చెప్పే పాయింటర్ ఈ ఫారంకు గుండెకాయ. 99214, 83036 మధుమేహం వైపు చూపాలి. 20610, జె3301 మోకాలి వైపు చూపాలి. మోకాలి ఇంజెక్షన్‌ను మధుమేహానికి చూపిస్తే కోడ్లన్నీ సరైనవే అయినా డబ్బు రాదు. ఆఫీసులో చేశారు కాబట్టి ప్లేస్ ఆఫ్ సర్వీస్ 11. చూసిన డాక్టర్ ఎన్‌పీఐ (గుర్తింపు నంబరు) 24జెలో, బిల్లు పంపే సంస్థది 33లో. రెండూ పది అంకెలే, తారుమారు చేయడం సులువు.

క్లెయిమ్ నేరుగా ఇన్సూరెన్స్‌కు కాక మధ్యలో క్లియరింగ్‌హౌస్ (క్లెయిములు తనిఖీ చేసి చేరవేసే సంస్థ) గుండా వెళ్తుంది. అక్కడో, కంపెనీ గుమ్మం దగ్గరో ఆగిపోతే అది రిజెక్షన్. అది కంపెనీ లెక్కలోకే చేరలేదు కాబట్టి అప్పీలు ఉండదు, సరిచేసి మళ్లీ పంపాలి. రోజూ ఆ రిపోర్టు తెరవని ఆఫీసులో క్లెయిములు నెలల తరబడి అక్కడే పడుంటాయి, గడువు మాత్రం ఆగదు. మెడికేర్‌కు గడువు సేవ అందిన తేదీ నుంచి ఒక క్యాలెండర్ సంవత్సరం. ప్రైవేటు కంపెనీల గడువు ఒప్పందాన్ని బట్టి ఉంటుంది, కొన్నిచోట్ల 90 రోజులే. మీ ఆఫీసుకున్న ఒప్పందాల గడువులన్నీ ఒక కాగితం మీద రాసి గోడకు అంటించండి.

డబ్బు వచ్చాక

ఎంత కట్టారు, ఎందుకు తగ్గించారు అన్న జవాబు 835 అనే ఎలక్ట్రానిక్ రూపంలో వస్తుంది, దీన్ని ఈఆర్ఏ అంటారు. ఒక వరుస చూద్దాం. 99214కు ఆఫీసు 250 డాలర్లు వేసింది, కంపెనీ ఒప్పుకున్న ధర 130 అనుకుందాం. సీవో-45 కింద 120 డాలర్లు తగ్గించారు, పీఆర్-3 కింద 30 డాలర్ల కోపే రోగిది అన్నారు, 100 డాలర్లు పంపారు. మూడూ కలిపితే మళ్లీ 250 రావాలి. రాకపోతే పోస్టింగ్‌లో (డబ్బును ఖాతాలో నమోదు చేయడంలో) తప్పుంది.

ముందున్న రెండక్షరాలు ఎవరి నెత్తిన భారం పడిందో చెబుతాయి. సీవో అంటే ఒప్పందం ప్రకారం ఆఫీసు వదులుకోవాల్సింది, రోగిని అడగకూడదు. పీఆర్ అంటే రోగి కట్టాల్సింది: 1 డిడక్టబుల్, 2 కోఇన్సూరెన్స్ (ధరలో రోగి వాటా శాతం), 3 కోపే. మనవాళ్ల క్లినిక్‌లలో ‘మనవాళ్లే కదా, కోపే వదిలేయండి’ అనే మాట వినబడుతుంది. ఆర్థిక ఇబ్బంది ఉన్న ఒకరికి, అది నమోదు చేసి మినహాయించడం వేరు. మెడికేర్ రోగులకు అలవాటుగా వదిలేయడం యాంటీ కిక్‌బ్యాక్ చట్టం (రోగులను రప్పించేందుకు లంచాలు, తాయిలాలు ఇవ్వకూడదనే చట్టం) దాకా తీసుకెళ్లగలదు. మొహమాటం పక్కన పెట్టి నవ్వుతూ అడగడం నేర్చుకోండి.

డినయల్స్

మంచి బిల్లర్ ఎవరన్నది ఇక్కడే తేలుతుంది. డినయల్ రాగానే అప్పీలు రాయడం తొందరపాటు. ముందు కారణం కోడ్‌నూ, దాని పక్కనుండే రిమార్క్ కోడ్‌నూ కలిపి చదవాలి. సీవో-16 అంటే ఏదో సమాచారం లేదని మాత్రమే. ఏది లేదో రిమార్క్ చెబుతుంది. మెడికేర్‌లో ఎంఏ130 కనిపిస్తే అప్పీలు హక్కే లేదు, కొత్త క్లెయిమ్ పంపాలి.

మన విజిట్‌లో 25 మాడిఫయర్ మరిచిపోయి ఉంటే 99214 మీద సీవో-97 వచ్చేది, అంటే ఇంజెక్షన్‌లోనే కలిసిపోయిందని. నోట్ తీసి చూడాలి. మధుమేహం పని విడిగా రాసి ఉంటే మాడిఫయర్ పెట్టి సరిచేసిన క్లెయిమ్ పంపాలి. ప్రైవేటు కంపెనీలు చాలావాటికి 22వ గడిలో 7 వేసి, పాత క్లెయిమ్ నంబరు రాయాలి. అది లేకుండా మళ్లీ పంపితే సీవో-18, డూప్లికేట్ అని వస్తుంది. మెడికేర్ పార్ట్ బీలో (డాక్టర్ సేవల భాగంలో) ఇలాంటి చిన్న పొరపాట్లకు రీఓపెనింగ్ అనే వేరే దారి ఉంది. నోట్ మాడిఫయర్‌ను సమర్థించకపోతే డబ్బు వదులుకోవాలి. డబ్బు కోసం కోడ్ మార్చడం, రికార్డును బట్టి కోడ్ సరిచేయడం ఒకటి కావు. ప్రభుత్వానికి దొంగ బిల్లులు పంపేవారిని శిక్షించే ఫాల్స్ క్లెయిమ్స్ చట్టం 1863 నాటిది, దాని పదును తగ్గలేదు.

సీవో-22 వస్తే ఇంకో ఇన్సూరెన్స్ ముందు కట్టాలని, రోగికి ఫోన్ చేయాలి. సీవో-197 అంటే ముందస్తు అనుమతి లేదని. సీవో-29 అంటే గడువు దాటిందని. సమయానికే పంపామనడానికి, క్లెయిమ్ అందిందని చెప్పే 277సీఏ రసీదు ఉంటే గెలవొచ్చు, లేకపోతే ఆ డబ్బు పోయినట్టే, రోగిని అడగలేం. సీవో-50 అంటే వైద్యపరంగా అవసరం లేదని. ఇక్కడే నిజమైన అప్పీలు అవసరమవుతుంది. మెడికేర్‌లో మొదటి మెట్టుకు నోటీసు అందినప్పటి నుంచి 120 రోజులు, మొత్తం ఐదు మెట్లు. అప్పీలు లేఖ ఒక పేజీ దాటనక్కర్లేదు: క్లెయిమ్ నంబరు, ఏ పాలసీ నియమం ఏం కోరుతోంది, నోట్‌లో ఏ వాక్యం దాన్ని తీరుస్తోంది. కోపం, బతిమాలడం రెండూ వద్దు.

నెలకోసారి డినయల్స్ అన్నింటినీ కారణాల వారీగా విడదీయండి. సీవో-22లు ఎక్కువుంటే రిసెప్షన్‌లో ప్రశ్నలు మార్చాలి. సీవో-11లు (జబ్బుకూ సేవకూ పొంతన లేదన్నవి) ఎక్కువుంటే పాయింటర్లు చూడాలి.

గోప్యత

1996 నాటి హిపా చట్టం రోగి సమాచారాన్ని కాపాడుతుంది. చార్టు ఫోటో తీసి వాట్సాప్‌లో స్నేహితుణ్ని సందేహం అడగడం కూడా ఉల్లంఘనే. పేరు చెరిపాను కదా అనుకోవద్దు, తేదీలు, నంబర్లు కూడా గుర్తింపులే.

సర్టిఫికెట్, ఉద్యోగం

డాక్టర్ ఆఫీసు పనికి ఏఏపీసీ అనే కోడర్ల సంస్థ పెట్టే సీపీసీ పరీక్ష సరిపోతుంది. 100 ప్రశ్నలు, 4 గంటలు, 70 శాతం వస్తే పాస్. కోడ్ పుస్తకాలు చూస్తూ రాయొచ్చు. అందుకే ఇది జ్ఞాపకశక్తి పరీక్ష కాదు, వేగంగా పుస్తకం తిప్పే పరీక్ష. ప్రశ్నకు రెండున్నర నిమిషాలు కూడా దొరకవు. పుస్తకాల్లో ట్యాబ్‌లు, గీతలు పెట్టుకుని ఆ పుస్తకాలతోనే సాధన చేయండి. అనుభవం లేకుండా పాసైతే పేరు చివర అప్రెంటిస్‌ను సూచించే ‘ఏ’ ఉంటుంది, రెండేళ్ల పని అనుభవంతో తీసేస్తారు. క్లెయిముల వైపే వెళ్లాలనుకుంటే అదే సంస్థ ఇచ్చే బిల్లింగ్ సర్టిఫికెట్ సీపీబీ ఉంది. ఆస్పత్రి కోడింగ్ కోరుకునేవాళ్లకు అహిమా అనే మరో సంస్థ వారి సీసీఎస్.

హైదరాబాదులో మొదటి ఉద్యోగం ఏఆర్ కాలింగ్‌లో (రాని డబ్బు కోసం ఇన్సూరెన్స్ కంపెనీలకు ఫోన్ చేసే పనిలో) వస్తే కోడింగ్ కాదని తోసిపుచ్చకండి. రాత్రి షిఫ్టు కష్టమే, కానీ రోజూ ఇన్సూరెన్స్ వాళ్లతో మాట్లాడి డినయల్స్ విప్పినవాడు తర్వాత కోడింగ్‌లోకి వస్తే నోట్ చూడగానే ఎక్కడ దెబ్బ పడుతుందో చెప్పగలడు. ఇంటర్వ్యూలో కోడ్లు అప్పగించమని అడగడం తక్కువ. ఒక చిన్న నోట్ ఇచ్చి, ఈ కోడ్ ఎందుకు వేశావు, పక్కది ఎందుకు వేయలేదు అని అడుగుతారు. పైన చెప్పిన మోకాలి విజిట్‌లో ఒక్కొక్క వివరం మార్చి సాధన చేయండి: రెండు మోకాళ్లకూ ఇంజెక్షన్ ఇస్తే? మధుమేహం అదుపులో ఉంటే? రోగి కొత్తవాడైతే? డాక్టర్ ఏ మోకాలో రాయకపోతే? ఒక్కో మార్పుకు ఏ కోడ్, ఏ మాడిఫయర్, ఏ పాయింటర్ కదులుతుందో కాగితం మీద రాసి, కారణం పక్కనే రాయండి.